అప్‌డేట్: వాటర్‌కలర్ ఆకాశం బురదగా మారే సమస్య తీరింది

వాటర్‌కలర్‌తో సాయంత్రపు ఆకాశం వేస్తే కాగితం ఉబ్బిపోయి, రంగులు బురదలా అవుతున్నాయని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

సగం తప్పు కాగితానిదే. నేను వాడింది 130 జీఎస్ఎం డ్రాయింగ్ పుస్తకం (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుందో; అంకె పెరిగితే కాగితం దళసరి). మీరన్నట్టు 300 జీఎస్ఎం కాటన్ కాగితం కొని, నాలుగంచులా మాస్కింగ్ టేపుతో అట్టకు అంటించాను. ఉబ్బడం దాదాపు పోయింది.

మిగతా సగం నా తొందర. నీలం ఆరకముందే పక్కన నారింజ వేసేదాన్ని, రెండూ కలిసి బూడిద రంగయ్యేవి. ఇప్పుడు వేలి వెనక వైపు మెల్లగా ఆనించి చూస్తున్నాను. చల్లగా తగిలితే ఇంకా ఆరనట్టే.

కుంచెలు మార్చినా తేడా రాలేదు, పాత 6వ నంబరు రౌండ్ బ్రష్షే చాలు. నిన్న డాబా మీద కూర్చుని మళ్లీ వేశాను. నీలం నీలంగానే ఉంది!