నోమిక్ ఆటలో ఓటింగ్ రూల్ ఎలగ పెట్టాలి? సగం మంది పలకట్లేదు, ఆట ఇరుక్కుపోయింది

ఇజీనారం_కుర్రోడు:

అందరికీ నమస్తే. మా కాలేజీ బ్యాచ్ వాళ్ళం టెలిగ్రామ్ గ్రూపులో నోమిక్ ఆడతన్నాం. తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, ఇందులో రూల్ మార్చడమే ఎత్తు, వంతు వచ్చినవాడు ఒక ప్రపోజల్ పెడతాడు మిగతావాళ్ళు ఓటేస్తారు పాసైతే ఆ క్షణం నుంచి ఆటే మారిపోద్ది. పీటర్ సూబర్ అని ఫిలాసఫీ ప్రొఫెసర్ తయారుచేసింది, 1982లో సైంటిఫిక్ అమెరికన్‌లో వచ్చింది. మొదట్లో 29 రూల్స్ ఉంటాయి, 101 నుంచి 116 దాకా గట్టివి, 201 నుంచి 213 దాకా మామూలువి. మామూలువి ఓటేసి మార్చుకోవచ్చు, గట్టివి మార్చాలంటే ముందు వాటిని మామూలువాటి కింద దించాలి, దానికి ఒక్కడు కూడా వద్దనకూడదు.

మేం 11 మందిమి. ఇద్దరం ఊళ్ళోనే ఉన్నాం, మిగతావాళ్ళు వైజాగ్, హైదరాబాద్, బెంగళూరు, ఒకడు సోంపేట వాడు మర్చంట్ నేవీలో ఉన్నాడు షిప్ ఎక్కితే నెట్ దొరికినప్పుడే కనపడతాడు. 203వ రూల్ ప్రకారం మొదటి రెండు రౌండ్లూ అందరూ ఒప్పుకుంటేనే పాస్, తర్వాత దానంతట అదే సింపుల్ మెజారిటీకి మారిపోద్ది. మాది మారింది కూడా. కానీ ఇప్పుడు నలుగురు అసలు పలకట్లేదు. 11లో సగం దాటాలంటే 6 ఓట్లు, మిగిలింది ఏడుగురం, అంటే ఇద్దరు వద్దంటే ఏ ప్రపోజలైనా పడిపోద్ది. దానికి తోడు ఓటింగ్‌కి మూడు రోజుల గడువు పెట్టుకున్నాం, అది సరిగ్గా సిరిమాను పండగ వారంలో పడింది, ఇంటినిండా చుట్టాలు ఎవరూ ఫోన్ చూడలేదు, మంచి ప్రపోజల్స్ రెండు అలగే పోయాయి, పైగా 206 ప్రకారం పెట్టినవాళ్ళకి తలో 10 పాయింట్లు కోత. వాళ్ళు బాగా నొచ్చుకున్నారు, ఆ బాధ నిజమే.

గ్రూపులో ఇప్పుడు మూడు మాటలు నడుస్తున్నాయి. పలకనివాడిది అవును కింద లెక్కేద్దాం అని ఒకడు. ఆరుగురు ఓటేస్తే కోరం అయినట్టు, వేసినవాటిలో మెజారిటీ చూద్దాం అని ఇంకొకరు. ఓటింగ్ రూల్స్ మార్చడానికి మాత్రం మూడింట రెండొంతులు కావాలి అని మూడోవాడు, ఆ రూల్ తేడానికి ఎంత మెజారిటీ కావాలో మళ్ళీ గొడవ. ఆట ఆగిపోకూడదు, ఎవర్నీ గెంటీసినట్టూ ఉండకూడదు. దారి చెప్పండి.

ఆమదాలవలస_ప్యాసింజర్:

తమ్ముడూ నీ ఇబ్బంది 203 దగ్గర లేదు, 105 దగ్గర ఉంది. ఆటగాడైన ప్రతివాడూ ఓటరే, ప్రతి ఓటరూ ప్రతి ఓటింగ్‌లోనూ పాల్గొనాలి అని ఆ రూల్ చెప్తాది. బల్ల చుట్టూ కూచుని ఆడేటప్పుడు అది బావుంటాది, ఎదురుగా ఉన్నవాడు చెయ్యెత్తకుండా ఎక్కడికి పోతాడు? ఆన్‌లైన్‌లో అదే మెడకి చుట్టుకుంటాది. పైగా అది గట్టి రూలు, దించాలంటే 109 ప్రకారం ఓటర్లందరూ ఔననాలి, ఆ అందర్లో పలకని నలుగురూ ఉన్నారు. తలుపు మూసుకుపోయినట్టే కనిపిస్తాది గానీ మూసుకోలేదు. ఆటగాడు అంటే ఎవరు అని 29 రూల్స్‌లో ఎక్కడా గట్టిగా చెప్పలేదు చూడు. అక్కడ పట్టుకో.

2003 నుంచి ఆన్‌లైన్‌లో నడుస్తున్న బ్లాగ్‌నోమిక్ అనే నోమిక్ ఆటలో కొన్నాళ్ళు కనపడనివాళ్ళని ఐడిల్ అంటారు, తీసెయ్యరు, లెక్కలో మాత్రం కలపరు, తిరిగొచ్చి నన్ను మళ్ళీ కలపండి అంటే కలిపీస్తారు. మీరూ ఒక మామూలు రూల్ పెట్టండి, ఇన్నాళ్ళు ఓటు వెయ్యనివాడు విశ్రాంతిలో ఉన్నట్టు, పాయింట్లు అలగే ఉంటాయి, వచ్చాను అని ఒక్క మెసేజ్ పెడితే మళ్ళీ ఆటగాడే. దీనికి మీ ఏడుగుర్లో ఆరుగురు ఔనంటే చాలు. అది పాసయ్యాక లెక్క 7కి దిగుద్ది, అప్పుడు 105ని దించడానికి ఏడుగురు ఒప్పుకుంటే సరిపోద్ది. మీ షిప్ అబ్బాయికి ముందే ఒక మెసేజ్ పెట్టి ఉంచండి, తర్వాత చూసుకుని బాధపడకూడదు కదా.

ఒక్క జాగ్రత్త. ఓటర్ల లిస్టు ప్రపోజల్ పోస్ట్ చేసిన టైముకి ఫిక్స్ చెయ్యాలి. తిరిగొచ్చినవాడు తర్వాత పెట్టిన ప్రపోజల్స్‌కే ఓటెయ్యాలి. లేదంటే ఓడిపోతున్నవాడు ఫోన్ చేసి విశ్రాంతిలో ఉన్న ఫ్రెండ్స్‌ని చివరి గంటలో లేపుతాడు.

బొబ్బిలి_లెక్కలు:

మొదటి మాట, పలకనివాడిది అవును అనేది, దయచేసి పెట్టకండి. నీ అంకెలతోనే చూడు. పలకని నలుగురివీ ఎప్పుడూ అవునే, ప్రపోజల్ పెట్టినవాడు ఒకడు, వాడి స్నేహితుడు ఒకడు, మొత్తం 6. అంటే ఇద్దరు కలిస్తే మిగతా అయిదుగురు నెత్తీ నోరూ కొట్టుకున్నా ఏదైనా పాసైపోతుంది.

రెండోది, కోరం, అది చూడ్డానికి చాలా న్యాయంగా ఉంటుంది కాబట్టే ఎక్కువ ప్రమాదం. కోరం 6 అనుకో, ఒక ప్రపోజల్‌కి అయిదుగురు అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరూ నిజాయితీగా వద్దు అని ఓటేస్తే ఓటేసినవాళ్ళు ఏడుగురు, కోరం వచ్చింది, 5కి 2తో పాస్. అదే ఇద్దరూ నోరు మూసుకుంటే ఓటేసినవాళ్ళు అయిదుగురే, కోరం లేదు, ఫెయిల్! అంటే వద్దు అని చెప్పడం కన్నా మాయమవడమే బలమైన ఓటు అయిపోయింది. మీ ఆట చచ్చిపోతున్నదే పలకనివాళ్ళ వల్ల, అలాంటప్పుడు పలకనివాడికి బహుమతి ఇచ్చే రూల్ ఎందుకు? మొత్తం ఎంతమంది ఓటేశారు అని కాకుండా అవును ఓట్లు ఇన్ని ఉండాలి అని పెట్టు. అప్పుడు వద్దనేవాడు దాక్కున్నంత మాత్రాన లాభం ఉండదు, వచ్చి వద్దనాల్సిందే.

ఇంకోటి మీరెవరూ చూడలేదు, 204. ఏకగ్రీవం పోయాక, పాసైన ప్రపోజల్‌కి వ్యతిరేకంగా ఓటేసినవాడికి 10 పాయింట్లు వస్తాయి. ఓడినవాళ్ళకి ఊరట కింద పెట్టింది, మంచి ఆలోచనే. కానీ గ్రూపులో ఓట్లు అందరికీ కనపడుతూ ఉంటే ఏమవుద్ది, కావలసిన అవును ఓట్లు పడిపోయాయని తెలియగానే మిగిలినవాళ్ళందరూ 10 పాయింట్ల కోసం వద్దు కొడతారు. అది తెలిసి ముందు ఓటేసేవాడు కూడా ఆగుతాడు, అందరూ చివరి నిమిషం దాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. మీ నలుగుర్లో కొందరు ఇందుకే పలకట్లేదేమో కనుక్కో. 204 తీసెయ్యండి, లేదంటే ఆ ప్రపోజల్‌తో సంబంధం లేని ఒకరికి ఓట్లు ప్రైవేటుగా పంపి గడువు అయ్యాక ఒకేసారి బయటపెట్టండి.

ఇజీనారం_కుర్రోడు:

204 గురించి మీరు చెప్పింది అచ్చంగా మా గ్రూపే సార్, రాత్రి పదకొండున్నరకి టపటపా వద్దులు పడతాయి. ప్రైవేటు ఓటు మాత్రం మావాళ్ళు ఒప్పుకోరు, ఎవరేటి అన్నారో కనపడితేనే మజా అంటారు. 204 తీసెయ్యమనే ప్రపోజల్ పెడతాను.

శ్రీకాకుళం_ప్లీడరు:

బాబూ, మీ మూడోవాడి ప్రశ్న నాకు నచ్చింది. ఎక్కువ మెజారిటీ కావాలనే రూల్‌ని ఎంత మెజారిటీతో తేవాలి. ముందు సూబర్ 115 చదవండి, రూల్స్ మార్చే రూల్‌ని కూడా మార్చవచ్చు, తనకి అధికారం ఇచ్చిన రూల్‌నే రద్దు చేసే మార్పు కూడా చెల్లుతుంది అని ఉంది. కాబట్టి ఆట పరంగా అడ్డేమీ లేదు, సింపుల్ మెజారిటీతో తెచ్చీవచ్చు. కానీ తేవడం సులువై తియ్యడం కష్టమైతే ఏమవుతుంది? ఇవాళ నలుగురు కలిసి తమకి నచ్చిన రూల్‌ని సగం ఓట్లతో తెచ్చి దానికి మూడింట రెండొంతుల తాళం వేసేస్తారు, రేపు వాళ్ళే ముగ్గురు మిగిలినా ఎవరూ తియ్యలేరు. అందుకని నా సలహా, మెజారిటీ గీతని పెంచినా దించినా, పాతదీ కొత్తదీ రెంటిలో ఏది పెద్దదైతే అది దాటాలి.

మన రాజ్యాంగం 368వ అధికరణ చూడండి, ఈ చర్చంతా అందులో ఉంది. సవరణకి పార్లమెంటు ఒక్కో సభలో రెండు లెక్కలు ఒకేసారి కుదరాలి, మొత్తం సభ్యుల్లో సగం దాటాలి, హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు ఉండాలి. మొదటిది ఖాళీ సభలో దొంగచాటుగా పాసవకుండా కాపాడుతుంది, రెండోది గైర్హాజరైనవాళ్ళ చేతిలో అంతా ఇరుక్కోకుండా చూస్తుంది. బొబ్బిలి మాస్టారు చెప్పిన అవును ఓట్ల లెక్క ఇదే కుటుంబం. అంతేకాదు, ఆ 368నే మార్చాలంటే పార్లమెంటు ఒక్కటీ చాలదు, సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. తాళం మీద తాళం ఎందుకంటే, 368ని మామూలు సవరణలా మార్చుకోగలిగితే మిగతా రక్షణలన్నీ కాగితమే.

ఇంకా ముఖ్యమైనది. తాళం ఓటింగ్ రూల్‌కి ఒక్కదానికే వేస్తే సరిపోదు. ఆటగాడు ఎవరు, ప్రపోజల్ ఎక్కడ పెడితే పెట్టినట్టు, గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఇవి కూడా అదే తాళం కింద ఉండాలి. గంటసేపు పలకనివాడు విశ్రాంతిలోకి పోతాడు అని సగం ఓట్లతో మార్చగలిగితే, ఓటింగ్ రూల్ జోలికి పోకుండానే దాన్ని కబ్జా చెయ్యవచ్చు.

గడువు మూడు రోజులు తక్కువ. 1993 నుంచి ఇప్పటికీ నడుస్తున్న అగోరా అనే ఆన్‌లైన్ నోమిక్‌లో ఏడు రోజులు ఇస్తారు. మన వైపు తుపాన్లు ఉండనే ఉన్నాయి, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఓటు గురించి ఎవరు ఆలోచిస్తారు. ఏ ఆటగాడైనా అడిగితే ఒకసారి గడువు పొడిగించే వీలు పెట్టండి.

ఇజీనారం_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. రాసిపెట్టాను, చూడండి.

విశ్రాంతి రూల్ ముందు పాస్ చేయిస్తాం, ఆ తర్వాత 105 దింపి ఇది పెడతాం: "ప్రతి ప్రపోజల్‌కి 7 రోజుల గడువు, భారత కాలమానం రాత్రి 9కి ముగుస్తుంది, ఒక్కసారి 7 రోజులు పొడిగించవచ్చు. మామూలు ప్రపోజల్ పాసవ్వాలంటే అవును ఓట్లు వద్దు ఓట్ల కన్నా ఎక్కువ ఉండాలి, అవును ఓట్లు కనీసం 3 ఉండాలి. ఓటింగ్, ఆటగాడి నిర్వచనం, గడువు, ఈ రూల్స్‌ని మార్చాలంటే అవును ఓట్లు వద్దు ఓట్లకి రెట్టింపైనా ఉండాలి, విశ్రాంతిలో లేనివాళ్ళలో సగం దాటాలి. ఒకేసారి రెండు ముగిస్తే ముందు పోస్ట్ చేసింది ముందు అమల్లోకి వస్తుంది."

బొబ్బిలి_లెక్కలు:

రెట్టింపైనా ఉండాలి అని ఒక్కటే రాసి ఉంటే ఎవరూ ఓటెయ్యని ప్రపోజల్ కూడా పాసయ్యేది, సున్నాకి రెట్టింపు సున్నానే కదా. సగం దాటాలి అని పక్కన పెట్టావు కాబట్టి ఆ చిల్లు లేదు, బావుంది.

ఆమదాలవలస_ప్యాసింజర్:

తమ్ముడూ ఆ కనీసం 3 అనే అంకె మార్చు. రేపు పరీక్షలో పెళ్ళిళ్ళో వచ్చి అయిదుగురు విశ్రాంతిలోకి పోతే మిగిలేది ఇద్దరు, ఇద్దరూ ఔనన్నా 3 రావు, ఆ 3ని తగ్గించే రూల్‌కి వేరే గీత ఉంది కాబట్టి అదొక్కటీ బతుకుతాది గానీ మిగతా ఆటంతా ఆగిపోద్ది. విశ్రాంతిలో లేనివాళ్ళలో మూడో వంతు, కనీసం ఒకటి, అని రాయి. ఏడుగురుంటే 3 వస్తాది, ఇద్దరుంటే 1 వస్తాది. భిన్నం వస్తే పైకి సవరించాలని కూడా రాయి, అక్కడ గొడవ పడతారు.

ఇంకా అగోరాలో ఒక రూల్ ఉంది, ఏదైనా మార్పు వల్ల నాలుగు వారాల్లోగా రూల్స్ మార్చుకోవడం కుదరని పరిస్థితి వచ్చేటట్టుంటే ఆ మార్పు అమల్లోకే రాదు. ఇలాంటిది ఒకటి గట్టి రూల్స్‌లో పెట్టుకోండి, 105ని దించడానికి ఏడుగుర్నీ ఎలగూ అడుగుతున్నారు కదా, అదే వారంలో ఇదీ అడిగీయండి.