మత్స్యకార కుటుంబాల బాలికలతో నీటిపక్షుల గణన: సలహా కావాలి

కోరింగ మడ అడవుల చెంత జీవశాస్త్రం బోధించే నేను, ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో మా మత్స్యకార కుటుంబాల బాలికలను భాగస్వాములను చేయాలనుకుంటున్నాను. ఏ పోటుకు ఏ కాలువలో నీరెక్కుతుందో, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదమో పుస్తకం తెరవకుండానే చెప్పగల ఈ పిల్లలు సైన్సు తమది కాదనుకోవడం నాకు మింగుడుపడదు. అయితే తల్లులు తెల్లవారకముందే చేపల అమ్మకానికి వెళితే ఇంటి పని, తమ్ముళ్ల బాధ్యత వీరిదే. ఇంటికున్న ఒక్క ఫోనూ తండ్రి వెంట పడవలో ఉంటుంది.

కాగితంపై రాసిన లెక్కలను తరువాత పక్షి పరిశీలనలను భద్రపరిచే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో నమోదు చేసేటప్పుడు, బాలికల వివరాలు బయటపడకుండానే శ్రమ వారిదేనని ఎలా చూపాలి? బైనాక్యులర్లు లేనివారు ఉల్లంకుల వంటి చిన్న పక్షులను, బురదమేటలు మునిగి అవి గట్టుకు చేరే పోటు వేళ లెక్కించడం మేలా? ఇటువంటి పని చేసినవారు, ముఖ్యంగా తల్లులను ఒప్పించినవారు, దయచేసి తెలియజేయగలరు.