క్యూబ్‌లో ఒకే ముక్క రెండుసార్లు: సింగిల్టన్ నియమం ఉంచాలా, ఎత్తేయాలా?

పేకమేడ:
ఎనిమిది మంది ఆడేందుకు 360 ముక్కల మ్యాజిక్ క్యూబ్ ఒకటి తయారవుతోంది. క్యూబ్ అంటే డ్రాఫ్ట్ కోసం మనమే ఏర్చి పెట్టుకున్న 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' ముక్కల పెట్టె; డ్రాఫ్ట్ అంటే ప్యాకులు చేతులు మార్చుకుంటూ ఒక్కో ముక్క ఏరుకుని (అదే పిక్) డెక్ కట్టడం. మనిషికి 15 ముక్కల ప్యాకులు మూడు, అంటే 8 × 45 = 360. పెట్టెలో ఒక్క ముక్క మిగలదు. పంపకం ఇది: రంగుకు 50 చొప్పున 250, రెండు రంగుల గోల్డ్ ముక్కలు జతకు 3 చొప్పున 30, ఆర్టిఫాక్ట్‌లు 30, ల్యాండ్‌లు (మానా, అంటే ముక్కలు వేయడానికి కట్టే శక్తి, ఇచ్చేవి) 50. ఆ 50లో ఫెచ్‌లు (ఒక లైఫ్ కట్టి, తమ రెండు బేసిక్ టైపుల్లో ఒకటున్న ల్యాండ్‌ని పేకలోంచి తెచ్చేవి) 10, ఒరిజినల్ డ్యుయల్స్ 10, షాక్‌లు 10 (ఈ రెండు రకాలూ రెండు రంగులిచ్చేవి, మౌంటెన్, స్వాంప్ లాంటి బేసిక్ టైపులున్నవి), బేసిక్ టైపు లేని మామూలు డ్యుయల్స్ 10, యుటిలిటీ ల్యాండ్‌లు (వేరే పనీ చేసేవి) 10. ఇప్పటికి అంతా సింగిల్టనే, ఒక పేరు ఒక్కసారే.

మూడు మార్పులు చేద్దామా వద్దా అన్నది ప్రశ్న. ఫెచ్ ల్యాండ్‌లు పదీ రెండేసి. గ్రేవ్‌క్రాలర్ మూడు. లైట్నింగ్ బోల్ట్ రెండు. మీరేమంటారు? కారణం చెప్పండి, లెక్క ఉంటే ఇంకా మంచిది. "నాకు నచ్చదు" ఒక్కటే అయితే వద్దు.

చివరిపిక్:
వద్దండీ. క్యూబ్‌కి ఉన్న రుచే ప్రతి ముక్కా ఒంటరిగా రావడం. చేతిలో కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడు వేసే ముక్కను అడ్డుకునేది) ఉందంటే టేబుల్ మొత్తంలో అది ఇంకొకరి దగ్గర లేనట్టే. ఎదుటివాడు రెండు నీలం మానా వదిలి కూర్చున్నప్పుడు "అది నా సైడ్‌బోర్డులోనే (డెక్‌లో పెట్టకుండా పక్కనుంచిన ముక్కల్లో) ఉంది కదా" అని ధైర్యం చేయొచ్చు. రెండు కాపీలు పెట్టిన రోజు ఆ ధైర్యం పోతుంది.

ఇంకోటి. రెండోసారి పెట్టేది ఎప్పుడూ గట్టి ముక్కనే. బలహీనమైనదాన్ని ఎవరూ డబుల్ చేయరు. అంటే ప్రతి డబుల్‌కీ ఒక చిత్రమైన ముక్క బయటికి పోయి, ఇప్పటికే అందరూ ఎగబడే ముక్క ఇంకోటి వస్తుంది. పది డ్రాఫ్ట్‌లయ్యాక ఎరుపు డెక్‌లన్నీ ఒక అచ్చులో పోసినట్టుంటాయి. ఆన్‌లైన్ మ్యాజిక్‌లో వచ్చే వింటేజ్ క్యూబ్ 540 ముక్కలతో సింగిల్టన్‌గానే నడుస్తోంది, దానికి ఆడేవాళ్ల కొరత ఏమైనా ఉందా?

లెక్కలపద్దు:
చివరిపిక్ గారూ, సింగిల్టన్ నియమం పేరుకి సంబంధించింది, పనికి కాదు. లానోవార్ ఎల్వ్స్, ఎల్విష్ మిస్టిక్, ఫిన్‌డార్న్ ఎల్వ్స్: మూడూ ఒక పచ్చ మానాకి 1/1 క్రీచర్లు (పవర్ 1, అంటే కొట్టే దెబ్బ; టఫ్‌నెస్ 1, అంటే తట్టుకునేది), మూడూ ట్యాప్ చేస్తే (పక్కకి తిప్పితే) ఒక పచ్చ మానా, చివరికి మూడూ ఎల్ఫ్ డ్రూయిడ్‌లే. "సింగిల్టన్" క్యూబ్‌లో ఈ మూడూ పెట్టి ఎవరూ కిక్కురుమనరు. అంటే పచ్చ రంగుకి మూడు కాపీలు దొరుకుతున్నాయి, నలుపు గ్రేవ్‌క్రాలర్‌కి దొరకడం లేదు. ఈ తేడా మీరు పెట్టింది కాదు, ప్రచురణకర్త ఏ ముక్కకి ఎన్ని పేర్లు పెట్టాడన్నదాన్ని బట్టి వచ్చింది.

మామూలు సెట్ డ్రాఫ్ట్ ఎందుకు సాఫీగా నడుస్తుందో చూడండి. 2024లో ప్లే బూస్టర్లు రాకముందు డ్రాఫ్ట్ బూస్టర్‌లో (కొనే ప్యాకులో) కామన్లు, అంటే తరచుగా దొరికే ముక్కలు, పదేసి ఉండేవి. 24 ప్యాకులకు 240. సెట్‌లో కామన్లు 101 అనుకుంటే ఒక్కోటి సగటున 2.4 సార్లు టేబుల్ మీదికి వస్తుంది. అక్కడ ఆర్కిటైప్ (ఒక ఎత్తు చుట్టూ కట్టే డెక్ రకం) నిలబడేది ఆ పునరావృతం మీదే. దాన్ని తీసేసి "మా క్యూబ్‌లో అగ్రో (చవక క్రీచర్లతో మొదటి నుంచే కొట్టే డెక్) ఎందుకో కుదరడం లేదు" అంటే ఎలా?

అగ్రో సంగతీ చూద్దాం. 40 ముక్కల డెక్, మొదటి చేయి 7. డెక్‌లో ఒక మానా క్రీచర్లు 4 ఉంటే మొదటి చేతిలో కనీసం ఒకటి ఉండే అవకాశం 55 శాతం. 6 ఉంటే 71. 8 ఉంటే 82. ఎనిమిది మంది రెండేసి రంగులు ఆడితే రంగుకు సగటున 3.2 మంది. ఆ ముగ్గురిలో ఇద్దరు అగ్రో అయితే ఎరుపులో ఒక మానా క్రీచర్లు 8 ఉన్నాయనుకున్నా చెరి నాలుగు. ఇద్దరూ 55 శాతం డెక్‌లతో కూర్చుంటారు, ఇద్దరూ ఓడిపోతారు, తర్వాతి వారం నుంచి ఎరుపు అగ్రో వైపు ఎవరూ చూడరు.

ఎర్రబోల్ట్:
పేరు చూసి నేను బోల్ట్ డబుల్ చేయమంటానని అనుకోకండి, అది మాత్రం వద్దు.

బోల్ట్ ఒక మానాకి 3 డ్యామేజ్. రెండో కాపీ రాగానే టఫ్‌నెస్ 3 ఉన్న మూడు మానా, నాలుగు మానా క్రీచర్లకు నూకలు చెల్లినట్టే. ఎవరూ తీసుకోరు. అవి చివరి పిక్‌లకు జారతాయి, మిడ్‌రేంజ్ (మధ్య ధర క్రీచర్ల మీద నడిచే డెక్) సన్నబడుతుంది, వచ్చీరాగానే ఏదో ఒక లాభం ఇచ్చే క్రీచర్లు మాత్రమే బతుకుతాయి. పైగా చెయిన్ లైట్నింగ్ ఎలాగూ ఉంటుంది, అదీ ఒక మానాకి మూడే. సార్సరీ కావడం (తన టర్న్‌లోనే వేయాలి) ముఖ్యమైన తేడా. చవక రిమూవల్ (ఎదుటి క్రీచర్లను తీసేసే ముక్కలు) ఎక్కువైన క్యూబ్‌లో మొదట చచ్చేది పచ్చ రంగు, ఎల్ఫ్‌లు నిలబడక.

లెక్కలపద్దు గారి లెక్క సరైనదే కానీ అది క్రీచర్లకే వర్తిస్తుంది. రిమూవల్ డబుల్ చేయడం వేరు, రిమూవల్‌కి గురయ్యేవాటిని డబుల్ చేయడం వేరు. రెండూ ఒకే గాటన కట్టొద్దు.

చివరిపిక్:
ఒక మానా క్రీచర్లు చాలకపోతే వేరే పేర్లవి ఇంకో నాలుగు పెట్టండి. ఎరుపు, తెలుపు రంగుల్లో ఇప్పుడు రెండు పవర్ ఉన్న ఒక మానా క్రీచర్లకు కొదవేముంది? సావన్నా లయన్స్ ఉంది, ఎలైట్ వాన్‌గార్డ్ ఉంది, రెండూ 2/1లే, ఒకటి పిల్లి, ఒకటి మనిషి. సాంద్రత కోసం నియమం విరవక్కర్లేదు, ఆ రంగులో ఐదు మానా, ఆరు మానా ముక్కలు నాలుగు తీసేస్తే చాలు. చాలామంది చేసే తప్పు అక్కడే ఉంది: ప్రతి రంగులోనూ పెద్ద ముక్కలు పదేసి పేర్చి, అగ్రో కుదరడం లేదని సింగిల్టన్‌ని తిడతారు.

లెక్కలపద్దు:
ఈ మాట ఒప్పుకుంటాను. తెలుపు, ఎరుపు అగ్రోకి డబుల్స్ అక్కర్లేదు. గ్రేవ్‌క్రాలర్‌కి మాత్రం ఆ దారి లేదు. ఒక నలుపు మానాకి 2/1, బ్లాక్ చేయలేదు, మీ దగ్గర జాంబీ ఉంటేనే శవాల దిబ్బ (చచ్చిన, వాడేసిన ముక్కల కుప్ప) నుంచి మళ్లీ వేయొచ్చు. ఒక్క కాపీ ఉంటే దానికి ఇంకో జాంబీ వెతకాలి. మూడుంటే ఒకదానికొకటి జాంబీ. ఒకదాన్ని బలిస్తే రెండోది టేబుల్ మీద ఉంటుంది కాబట్టి మొదటిది తిరిగొస్తుంది. వాటికి బలి తీసుకునే క్యారియన్ ఫీడర్ (అదీ జాంబీయే), గోబ్లిన్ బాంబార్డ్‌మెంట్, చావుకి లాభం ఇచ్చే బ్లడ్ ఆర్టిస్ట్ తోడైతే ఆర్కిటైప్ నిలబడుతుంది. నలుపు కంట్రోల్ (ఎదుటివాణ్ని అడ్డుకుంటూ ఆటను సాగదీసే డెక్) ఆడేవాడికి బ్లాక్ చేయని 2/1 ఎందుకూ కొరగాదు, కాబట్టి అవి ఆలస్యంగా, కావలసినవాడికే చేరతాయి.

మూడోరౌండ్:
అందరూ ఎనిమిది మంది వస్తారనే మాట్లాడుతున్నారు. నలుగురే వస్తే?

4 × 45 = 180. అంటే 360లో సగమే బయటికొస్తుంది. ఎనిమిది మందికి 720 ముక్కల క్యూబ్ ఎంత పలచనో, నలుగురికి మీ 360 అంత పలచన. ఒక ముక్క వచ్చే అవకాశం సగం, రెండు ముక్కల కాంబో (కలిస్తేనే గెలిపించే జత) రెండూ వచ్చే అవకాశం పావు. స్ప్లింటర్ ట్విన్ పెట్టి, దానికి తోడు డిసీవర్ ఎక్సార్క్ ఒక్కటే పెడితే నాలుగు డ్రాఫ్ట్‌ల్లో మూడుసార్లు ఆ కాంబో పూర్తి కాదు. తోడుగా పెస్టర్‌మైట్ కూడా పెట్టండి, అది వేరే పేరే.

540 ముక్కలతో ఎనిమిది మంది ఆడినా ఇదే బాధ, కాస్త తక్కువగా: ఒక ముక్క వచ్చే అవకాశం మూడింట రెండు, కాంబో 44 శాతం. రెండు కాపీలు పెడితే కనీసం ఒకటి వచ్చే అవకాశం 89 శాతం. కాబట్టి డబుల్ చేయాలా అనే ప్రశ్నకి ముందు "ఎంతమంది, ఎన్ని ముక్కలు" అనే ప్రశ్న ఉంది. 360ని ఎనిమిది మంది ఆడితే ప్రతి ముక్కా తప్పక వస్తుంది, అక్కడ డబుల్‌కి వేరే కారణం కావాలి.

నలుగురే ఉన్నప్పుడు చిట్కా: మనిషికి 15 ముక్కల ప్యాకులు ఐదు ఇవ్వండి, మొత్తం 300. ప్రతి ప్యాకు నుంచి 9 పిక్‌లు అయ్యాక మిగిలిన 6 పక్కన బోర్లించేయండి. మనిషికి 5 × 9 = 45 ముక్కలే వస్తాయి, కానీ క్యూబ్‌లో 83 శాతం కళ్లముందుకొస్తుంది. ఏ ముక్కా డబుల్ చేయకుండానే సగం సమస్య తీరుతుంది.

పేకమేడ:
మూడోరౌండ్ గారూ, ఇది బాగుంది, నలుగురి రోజులకు ఇదే పెడతాను. ఫెచ్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

లెక్కలపద్దు:
ఫెచ్ డబుల్ చేయడానికి కారణం సులువు. మామూలు డ్యుయల్ ఒక్క జతకే పనికొస్తుంది. పది ఫెచ్‌లలో మాత్రం ఏ రెండు రంగుల డెక్‌కైనా ఏడు పనికొస్తాయి: ఒక్కో రంగు నాలుగు ఫెచ్‌లలో ఉంటుంది, 4 + 4, రెండిట్లోనూ ఉన్నది ఒకటి తీసేస్తే 7. ఇంకో పది ఫెచ్‌లు కలిపితే ఏ జతకైనా 14 పనికొచ్చేవి అవుతాయి. చోటు కోసం గోల్డ్ ముక్కల్లో పది తీసేయండి. జతకు మూడు గోల్డ్ పెడితే ఆ రెండు రంగులూ కలిపి ఆడేవాడు టేబుల్ మీద ఒకడుంటే గొప్ప, లేకపోతే అవి తొమ్మిదో పిక్‌కి ప్యాకు చుట్టు తిరిగొచ్చినా అలాగే ఉంటాయి. జతకు రెండు చాలు.

ఎర్రబోల్ట్:
ఆగండి. ఏడు పనికొస్తాయన్నది సగం నిజం. ఎరుపు-తెలుపు డెక్‌లో ఎరుపు-పచ్చ ఫెచ్ పెడితే, అది తెచ్చే ఎరుపు-తెలుపు డ్యుయల్ మీ దగ్గర ఉండాలి. లేకపోతే అది ఒక లైఫ్ కట్టి తెచ్చుకున్న మౌంటెన్, అంతే. బేసిక్ టైపు ఉన్న డ్యుయల్స్ ఈ క్యూబ్‌లో జతకు రెండే: ఒరిజినల్ ఒకటి, షాక్ ఒకటి. ఫెచ్‌లు ఇరవై చేసి వేటాడే ల్యాండ్‌లు అలాగే వదిలేస్తే, ఐదు ఫెచ్‌లు ఏరుకున్నవాడికి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. ముందు షాక్‌లు డబుల్ చేయండి, ఫెచ్‌లు తర్వాత.

చివరిపిక్:
చూశారా, ఒకటి డబుల్ చేస్తే దాని కోసం ఇంకోటి. నేను చెప్పింది ఇదే.

మూడోరౌండ్:
చివరిపిక్ గారి ఎత్తిపొడుపులో న్యాయం ఉంది గానీ, ల్యాండ్‌ల విషయంలో నష్టం తక్కువ. "ఈసారి కూడా అదే షాకా" అని ఎవరూ విసుక్కోరు. ఆ గోల బోల్ట్ మీద పడుతుంది గానీ ల్యాండ్ మీద పడదు. బేసిక్ టైపు లేని ఆ మామూలు డ్యుయల్స్ పదీ తీసేసి రెండో షాక్ సైకిల్ పెట్టండి. గోల్డ్ నుంచి మిగిలిన పదికి రెండో ఫెచ్ సైకిల్. అప్పుడు ఫెచ్ 20, షాక్ 20, ఒరిజినల్ 10, యుటిలిటీ 10, మొత్తం 60. జతకు తెచ్చుకోదగ్గవి మూడు. ప్యాకుకు సగటున ల్యాండ్‌లు 2.08 నుంచి 2.5 అవుతాయి.

రెండు జాగ్రత్తలు. ఫెచ్‌లు పెరిగితే శవాల దిబ్బ త్వరగా నిండుతుంది, డెల్వ్ ముక్కలు (ఆ దిబ్బలోని ముక్కలు తీసేసి ధర తగ్గించుకునేవి) చవకబడతాయి. బ్రెయిన్‌స్టార్మ్ (మూడు ముక్కలు తీసుకుని చేతిలోవి రెండు పేక పైన పెట్టేది) కూడా గట్టిపడుతుంది, పనికిరాని రెండు ముక్కలు పైన పెట్టి ఫెచ్‌తో పేక కలిపేయొచ్చు కాబట్టి. నీలం ఇప్పటికే బలంగా ఉంటే ఒకటి రెండు డెల్వ్ ముక్కలు తగ్గించండి. రెండోది, ఫిక్సింగ్ (కావలసిన రంగుల మానా దొరకడం) మరీ సుఖంగా ఉంటే నాలుగు రంగుల్లో మంచివన్నీ ఏరుకునే డెక్ తయారవుతుంది. దానికి విరుగుడు అగ్రోనే: వాడు ఫెచ్‌కి ఒకటి, షాక్‌కి రెండు లైఫ్ కట్టుకుంటూ కూర్చుంటే ఇటువైపు 2/1 మొదటి టర్న్ నుంచే కొడుతూ ఉండాలి.

ఒకే ప్యాకులో రెండు కాపీలు పడతాయేమో అని బెంగ వద్దు. ఒక జత ఒకే ప్యాకులో పడే అవకాశం 359లో 14, నాలుగు శాతం కూడా లేదు.

లెక్కలపద్దు:
ఎర్రబోల్ట్ గారి సవరణ సరైనది, ఫెచ్ సంఖ్య ఒక్కటే చూసి తొందరపడ్డాను.

స్క్వాడ్రన్ హాక్ లాంటివి పెట్టాలనుకుంటే ఒక మాట. అది వచ్చినప్పుడు అదే పేరున్నవి మూడు దాకా వెతుక్కోమంటుంది. నాలుగు కాపీలు క్యూబ్‌లో కలపొద్దు. నాలుగు చోట్లు పోతాయి, ఎవడో ఒకడు ఒక్కటి లాక్కుంటే మిగతావాడి డెక్ కుంటుతుంది. ఒక్క కాపీయే క్యూబ్‌లో ఉంచి, దాన్ని పిక్ చేసినవాడికి డ్రాఫ్ట్ అయ్యాక పెట్టెలోంచి ఇంకో మూడు ఇవ్వండి. ఈ సంగతి మొదలుపెట్టేముందే అందరికీ చెప్పాలి, మధ్యలో చెబితే గొడవ.

పేకమేడ:
సరే, నిర్ణయం ఇది. బోల్ట్ ఒక్కటే. షాక్‌లు, ఫెచ్‌లు రెండేసి, గోల్డ్ 20, మామూలు డ్యుయల్స్ అవుట్. గ్రేవ్‌క్రాలర్ మూడు, నలుపులో రెండు ఆరు మానా ముక్కలు బయటికి. హాక్‌కి తెలుపులో ఒకటి తీసి ఒక చోటు, మూడు పెట్టెలో. ఐదు డ్రాఫ్ట్‌ల పాటు ప్రతి ప్యాకులో చివరి మూడు పిక్‌లు రాసి పెడతాను. ఏ డబుల్ కాపీ అయినా అందులో మూడుసార్లు కనిపిస్తే తీసేస్తాను.

చివరిపిక్:
గ్రేవ్‌క్రాలర్ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, ఐదు డ్రాఫ్ట్‌లయ్యాక చూద్దాం. ఈలోపు ఒకటి మరవకండి: కొత్తగా వచ్చే 23 ముక్కలకే కొత్త స్లీవ్‌లు (ముక్కలకు తొడిగే కవర్లు) వేస్తే, వెనక నుంచి చూసి ఏది ఫెచ్చో పసిగట్టేస్తారు. పెట్టెలోని మూడు హాక్‌లతో సహా 363కీ ఒకేసారి మార్చండి, అదే బ్యాచ్‌వి ఇరవై ముప్పై విడిగా దాచండి. బేసిక్ ల్యాండ్‌లకు కూడా అవే స్లీవ్‌లు.

పేకమేడ:
బేసిక్‌లు రంగుకు ఎన్ని? 20 చాలా?

ఎర్రబోల్ట్:
ఎనిమిది మందికి 20 బొటాబొటి. ముగ్గురు నలుపు ఆడి తలా ఎనిమిది స్వాంప్‌లు అడిగితే 24 కావాలి. 25 పెట్టండి.