జనరల్ వార్డు నుంచి ఐసీసీయూకి మారుతున్నా, ముందు ఏం నేర్చుకోవాలి?

కొత్తసిస్టర్_బెజవాడ:
అందరికీ నమస్కారం. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను, ప్రస్తుతం జనరల్ మెడిసిన్ వార్డులో చేస్తున్నాను. సూర్యారావుపేటలో ఒక గుండె ఆసుపత్రిలో ఐసీసీయూ (గుండె పేషెంట్ల ఐసీయూ) స్టాఫ్‌గా వచ్చే నెల చేరమన్నారు. ఈసీజీ పుస్తకం కొని చదువుతున్నాను గానీ సగం బుర్రకెక్కడం లేదు. ఒకటే టెన్షన్. రిథమ్‌లన్నీ వచ్చాకే చేరడం మంచిదా? క్యాథ్ ల్యాబ్ (యాంజియో, స్టంట్ చేసే గది) నుంచి వచ్చిన పేషెంట్‌ను ఎలా చూసుకోవాలి? ఇంకో మాట, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

బ్రాడీపేట_అక్క:
అన్నీ వచ్చాకే చేరాలంటే ఎవరూ చేరరమ్మా. వీటీ (గుండె కింది గదులు అతివేగంగా కొట్టుకోవడం), వీఎఫ్ (అవి కొట్టుకోకుండా ఉత్తినే వణకడం), అసిస్టోల్ (ఫ్లాట్ లైన్), కంప్లీట్ హార్ట్ బ్లాక్ (పై గదుల సిగ్నల్ కిందికి అందకపోవడం). ఈ నాలుగూ చూడగానే గుర్తుపట్టగలిగితే చాలు, మిగతావి బెడ్ పక్కన నిలబడితే అవే వస్తాయి.

అలారం మోగగానే ముందు పేషెంట్ మొహం చూడు, తర్వాతే మానిటర్. పొద్దున్నే బ్రష్ చేసుకుంటుంటే తెరమీద అచ్చం వీటీ లాగే గీతలు పడతాయి. మనిషి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, పైన ఫ్లాట్ లైన్! ఎలక్ట్రోడ్ ఊడిందన్నమాట. మన ఎండాకాలం చెమటకి అవి నిలవవు. వెంట్రుకలు తీసి, చర్మం శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరాక అతికించు, రోజూ మార్చు. అనవసరపు అలారాలు చాలావరకు తగ్గిపోతాయి. గోల భరించలేక సైలెంట్‌లో పెట్టేసేవాళ్ళు ఉంటారు, ఆ అలవాటు మాత్రం నేర్చుకోకు. లిమిట్స్ ఆ పేషెంట్‌కి తగ్గట్టు మార్పించమని డ్యూటీ డాక్టర్‌ని అడుగు.

క్యాథ్‌ల్యాబ్_బ్రదర్:
క్యాథ్ ల్యాబ్ కేసుల గురించి నేను చెప్తాను. ఇప్పుడు ఎక్కువగా మణికట్టు నుంచే చేస్తున్నారు. మణికట్టుకి కట్టిన బ్యాండ్‌లో గాలి ఒకేసారి తీసేయకుండా మీ ఆసుపత్రి పద్ధతి ప్రకారం కొంచెం కొంచెంగా తీయాలి. తీస్తుంటే రక్తం ఊరితే మళ్ళీ కాస్త ఎక్కించాలి. వేళ్ళు చల్లబడ్డా, రంగు మారినా, తిమ్మిరి అన్నా వెంటనే చూడాలి.

అసలు జాగ్రత్త తొడ దగ్గర చేసిన కేసులకి. షీత్ (రక్తనాళంలో పెట్టిన గొట్టం) తీసేముందు ఏసీటీ (రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే టెస్ట్) చూస్తారు, చాలా చోట్ల 180 కంటే కిందకి వచ్చాకే తీస్తారు. తీశాక 15 నుంచి 20 నిమిషాలు చేత్తో వదలకుండా నొక్కాలి. ఆగిందో లేదో అని మధ్యలో ఎత్తి చూడకూడదు. నొక్కేటప్పుడు కొందరికి పల్స్, బీపీ రెండూ ఒక్కసారిగా పడిపోతాయి, అందుకే అట్రోపిన్ (పల్స్ పెంచే మందు) చేతికందేలా ఉండాలి. తర్వాత 4 నుంచి 6 గంటలు కాలు మడవకుండా పడుకోబెట్టాలి.

డ్రెస్సింగ్ తెల్లగా ఉంది కదా అని దుప్పటి కప్పేసి వెళ్ళిపోవద్దు. రక్తం తొడ పక్కనుంచి జారి పిరుదుల కింద చేరుతుంది, పైకి చుక్క కనపడదు. గ్లవ్స్ వేసుకుని కిందకి చెయ్యి పెట్టి చూడాలి. గజ్జల్లో గట్టిగా తగులుతోందా చూడాలి, పాదం మీద పల్స్ పట్టుకోవాలి. పేషెంట్ 'నడుము నొప్పిగా ఉంది సిస్టర్' అన్నాడంటే, మంచం పడలేదేమో అనుకోవద్దు. బీపీ చూడండి. పల్స్ పెరుగుతూ బీపీ దిగుతుంటే లోపల రక్తం పోతోందేమో అని అనుమానించాల్సిందే.

నైట్‌డ్యూటీ_తెనాలి:
బ్రదర్ చెప్పిన నడుము నొప్పి సంగతి నిజం. అలాంటప్పుడు ఫోన్లో ఎలా చెప్పాలో కూడా నేర్చుకోవాలి. 'సార్, పేషెంట్ బాగాలేడు' అంటే నిద్రలో ఉన్న డాక్టర్‌కి ఏం అర్థమవుతుంది? 'సార్, 4వ బెడ్, మధ్యాహ్నం తొడ నుంచి స్టంట్ వేసిన పేషెంట్. గంట క్రితం బీపీ 130 ఉంది, ఇప్పుడు 86, పల్స్ 118. నడుము నొప్పి అంటున్నాడు. మీరొచ్చి చూడాలి.' ఇలా చెప్పండి. ఫోన్లో ఇచ్చిన ఆర్డర్‌ని తిరిగి చదివి వినిపించి, టైముతో సహా కేస్ షీట్‌లో రాయండి. డ్యూటీ డాక్టర్ రాకపోతే నేనైతే నేరుగా కన్సల్టెంట్‌కే చేస్తాను.

బ్రాడీపేట_అక్క:
నేరుగా చేస్తే ఇన్‌ఛార్జి, డ్యూటీ డాక్టర్ ఇద్దరూ కోప్పడతారు, కొత్త పిల్ల తట్టుకోలేదు. ముందు ఇన్‌ఛార్జికి చెప్పి ఆవిడ చేత చేయించడం మేలు.

నైట్‌డ్యూటీ_తెనాలి:
రాత్రి రెండింటికి ఇన్‌ఛార్జి ఎక్కడుంటుంది అక్కా? బీపీ 86 ఉన్నప్పుడు కోపాల లెక్క చూసుకుంటామా!

సత్తెనపల్లి_స్టాఫ్:
మాది ఊళ్ళ నుంచి కేసులు వచ్చే క్యాజువాలిటీ. మా దగ్గర అసలు శత్రువు 'గ్యాస్ నొప్పి'. మిర్చి టిక్కీలు (బస్తాలు) దింపుతూ చెమటలు పట్టి కూలబడతాడు, సోడా తాగించి గ్యాస్ గోలీ వేసి, తగ్గకపోతే అప్పుడు తెస్తారు. ఛాతీ నొప్పి అన్నా, పైకడుపు నొప్పి అన్నా, వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టర్‌కి చూపించాల్సిందే. చీటీ రాయించుకురమ్మని కౌంటర్‌కి పంపొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి నొప్పే ఉండదు, ఉత్త ఆయాసం, చెమటలు.

గుంటూరుకో బెజవాడకో పంపేలోపే టెనెక్టిప్లేస్ (రక్తపు గడ్డ కరిగించే మందు) ఇచ్చి పంపే కేసులు మీకూ వస్తుంటాయి. ఏ టైముకి ఇచ్చారో రిఫరల్ కాగితం మీద ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ పేషెంట్‌కి కండకి ఇంజెక్షన్లు చేయకూడదు. తలనొప్పి, మాట ముద్దగా రావడం, వాంతి, ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

ఇంకోటి. ఇన్ఫీరియర్ ఎంఐ (గుండె కింది భాగంలో వచ్చిన హార్ట్ ఎటాక్) అని రాసి ఉన్న పేషెంట్‌కి నైట్రోగ్లిజరిన్ మొదలుపెట్టమంటే, ఈసీజీలో కుడివైపు లీడ్స్ తీశారా అని ఒక్కసారి అడగండి. కుడి వెంట్రికల్ (కుడివైపు కింది గది) కూడా దెబ్బతిని ఉంటే బీపీ ఢామ్మని పడిపోతుంది. నర్సు అడిగితే బాగుండదేమో అనుకోవద్దు, మంచి డాక్టర్లు సంతోషిస్తారు.

సీటీవీఎస్_గుంటూరు:
సర్జరీ వైపు వాళ్ళం ఎవరూ మాట్లాడలేదు కాబట్టి కాస్త నేను. మా ఊరి ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో 2016లో గుండె మార్పిడి చేశారు. ప్రభుత్వాసుపత్రిలో ఇవన్నీ అవుతాయా అనేవాళ్ళకి ఆ మాటే చెప్తుంటాను.

బైపాస్ అయిన పేషెంట్‌కి డ్రెయిన్‌లో రక్తం ఎక్కువ వస్తే అందరూ కంగారు పడతారు. వస్తూ వస్తూ హఠాత్తుగా ఆగిపోతే మాత్రం 'హమ్మయ్య' అనుకుంటారు. నాకు భయం వేసేది అప్పుడే. గొట్టంలో గడ్డ అడ్డుపడి, రక్తం గుండె చుట్టూ చేరుతుండొచ్చు. బీపీ తగ్గుతూ, మెడ నరాలు ఉబ్బి, యూరిన్ తగ్గిందంటే ఒక్క నిమిషం ఆగకూడదు.

పొటాషియం గురించి కూడా రాస్తున్నా. మన దగ్గర 10 ఎంఎల్ కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. అది ఎప్పుడూ, ఎవరు చెప్పినా నేరుగా పుష్ చేయకూడదు. గుండె ఆగిపోతుంది. నార్మల్ సెలైన్ ఆంప్యూల్స్ ఉన్న ట్రేలో దాన్ని ఉంచనే కూడదు.

క్యాథ్‌ల్యాబ్_బ్రదర్:
దానికి తోడు అమియోడరాన్ (గుండె లయ సరిచేసే మందు). సెలైన్‌లో కాదు, 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో కలపాలి. చిన్న కాన్యులాలో గంటలకొద్దీ నడిపితే చెయ్యి ఎర్రగా వాస్తుంది.

మంగళగిరి_స్టాఫ్:
డిశ్చార్జి రోజు సంగతి ఎవరూ చెప్పలేదే! మన జిల్లాల్లో సగం మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లు తిరిగొచ్చేది ఆవకాయ వల్లే అని నా అనుమానం. 'ఉప్పు తగ్గించారా?' అంటే 'కూరలో వెయ్యట్లేదమ్మా' అంటారు. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ వాళ్ళ లెక్కలో ఉప్పు కాదు. అందుకే నేను ఉప్పు ఊసే ఎత్తను. 'నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నారు?' అని అడుగుతాను, అదీ వంట చేసే మనిషిని. రోజూ పొద్దున్నే బరువు చూసుకోమనండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్ళు కాదు, నీరు.

వాల్వ్ మార్చినవాళ్ళు ఆకుకూరలు పూర్తిగా మానేస్తుంటారు. అక్కర్లేదు. ఎసిట్రోమ్ (వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే గోలీ) డోసు తినే తిండిని బట్టే కుదురుతుంది, కాబట్టి ఒక వారం గోంగూర, తోటకూర ఎడాపెడా తిని, మరో వారం ముట్టకుండా ఉండకూడదు. స్టంట్ వేసుకున్నవాళ్ళు పన్ను పీకించుకోవాలన్నా రక్తం పల్చబడే గోలీలు సొంతంగా ఆపకూడదు. ఈ ముక్క పేషెంట్‌కి ఒకసారి, కొడుక్కి ఒకసారి, కోడలికి ఒకసారి చెప్పండి.

నైట్‌డ్యూటీ_తెనాలి:
సర్టిఫికెట్ల సంగతికి జవాబు: ఇవ్వొద్దు. ఒరిజినల్స్ చూపించి, జెరాక్సుల మీద అటెస్టేషన్ చేయించి ఇవ్వు. నేను ఇదివరకు చేసిన ఒకచోట రిజైన్ చేశాక నెలల తరబడి తిప్పించుకుని గానీ ఇవ్వలేదు, ఆలోపు వేరే ఉద్యోగం పోయింది. బాండ్ (ఇంతకాలం మానకూడదని రాయించుకోవడం) పద్ధతి కూడదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే చెప్పింది. జీతం గురించి కూడా తెలుసుకుని మాట్లాడు. సుప్రీంకోర్టు మాట మీద కేంద్రం వేసిన కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి 20,000 తగ్గకూడదని సిఫార్సు చేసింది. అమలయ్యేది ఎక్కడ అంటావా, అది వేరే కథ. కానీ ఆ అంకె తెలిసి అడగడం వేరు.

కొత్తసిస్టర్_బెజవాడ:
అందరికీ చాలా థాంక్స్ అక్కా, అన్నా. సర్టిఫికెట్లు ఇవ్వనని హెచ్ఆర్‌కి చెప్పేశాను, కాపీలు చాలన్నారు! మొదటి రోజు ఓవర్ (ముందు షిఫ్టు వాళ్ళ నుంచి డ్యూటీ అప్పగింత) తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలో అది కూడా చెప్పండి.

బ్రాడీపేట_అక్క:
స్టేషన్‌లో కూర్చుని ఓవర్ తీసుకోకు, బెడ్ దగ్గరే తీసుకో. సిరంజి పంపు మీద స్పీడు, సిరంజి మీద రాసిన డైల్యూషన్, చార్టులో ఆర్డర్, మూడూ కలవాలి. నార్‌అడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) ఇంకెంతసేపు వస్తుందో చూసి, అయిపోకముందే రెండోది కలిపి ఉంచు. ఖాళీ అయ్యాక పరిగెత్తితే ఈలోపు బీపీ ఉండదు. డీఫిబ్రిలేటర్ (గుండెకి షాక్ ఇచ్చే మిషన్) ఛార్జింగ్‌లో ఉందో లేదో చూసి, టెస్ట్ చేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టు. క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ సామాను బండి)లో లారింగోస్కోప్ (గొంతులో గొట్టం వేసేటప్పుడు చూసే పరికరం) బల్బు వెలుగుతోందా చూడు. దాని బ్యాటరీలు ఏసీ రిమోట్‌లోకి వెళ్ళిపోతుంటాయి, మా దగ్గరైతే ఎన్నిసార్లో.