ఉద్యోగం చేస్తూ ఇగ్నోలో ఎంఏ ఇంగ్లిష్: పేపర్లు ఎలా విడగొట్టుకోవాలి?

అందరికీ నమస్కారం అండి. నంద్యాలలో మందుల షాపులో పనిచేస్తున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే, కానీ సాహిత్యం చదవాలని ఎప్పటినుంచో కోరిక. దూరవిద్య యూనివర్సిటీ అయిన ఇగ్నోలో ఎంఏ ఇంగ్లిష్‌కి ఏ డిగ్రీ ఉన్నా చాలు, రెండేళ్ల కోర్సుని నాలుగేళ్ల దాకా పొడిగించుకోవచ్చు, పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. అందుకే చేరాను.

మొదటి ఏడాది బ్రిటిష్ కవిత్వం, నాటకం, నవల పేపర్లున్నాయి. నవల ఎలాగోలా లాగేస్తాను. కవిత్వంతోనే టెన్షన్. రాత్రి షాపు కట్టేసి వచ్చి కూర్చుంటే పాతకాలపు ఇంగ్లిష్ పద్యం నాలుగు పంక్తులకే గంట పడుతోంది. డిక్షనరీ చూస్తే అర్థం తెలుస్తోంది గానీ లయ చెవికి పట్టడం లేదు. ఆడియో వింటూ చదివితే నయమా?

ఆ ఒక్క పేపరు డిసెంబరుకి ఉంచి, మిగతావి జూన్‌లో రాసేయడం మంచిదేనా? లేక వాయిదా వేస్తే రెండో ఏడాది మీద భారం పడుతుందా? తర్వాత లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలనుంది, నాది జనరల్ కేటగిరీ కాబట్టి ఎంఏలో 55 శాతం రావాలి. ఉద్యోగం చేస్తూ అంత తెచ్చుకున్నవారు, అసైన్‌మెంట్లకి, పరీక్షల చదువుకి సమయం ఎలా పంచుకున్నారో దయచేసి వివరంగా చెప్పండి.