బేస్ గిటార్ బాడీకి పనస చెక్క పనికొస్తుందా? పికప్‌లు, తీగల గురించి కూడా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విశాఖ, లాసన్స్ బే కాలనీ, సముద్రానికి బాగా దగ్గర. 34 అంగుళాల స్కేల్‌తో (అంటే తీగ మోగే పొడవు) నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ చేయించుకుంటున్నాను. బాడీకి మామూలుగా వాడే ఆల్డర్, యాష్ లాంటి చెక్కలు నాకు ఇక్కడ దొరకలేదు, కానీ మాకు తెలిసిన వడ్రంగి దగ్గర ఏళ్ల తరబడి ఆరిన పనస దిమ్మ ఉంది, బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే కదా, అందుకే మనసు దాని మీదే ఉంది. దాంతో బేస్ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెండు గంటలు నిలబడి వాయిస్తే భుజం లాగేస్తుందా? మెడకి మాత్రం మేపుల్, అది ఖాయం.

అసలు టెన్షన్ పికప్‌ల దగ్గర, అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల దగ్గర. ఫెండర్ ప్రెసిషన్ బేస్ తరహా, రెండు ముక్కలుగా ఉండే స్ప్లిట్ పికప్ అయితే హమ్ (కరెంటు గుయ్‌మనే శబ్దం) గొడవ ఉండదు, ఫెండర్ జాజ్ బేస్ తరహావి రెండు పెడితే టోన్లు ఎక్కువ వస్తాయి గానీ ఒకదాని వాల్యూమ్ తగ్గించగానే గుయ్‌మంటుంది. నేను వాయించేది చర్చిలో, అక్కడ వైరింగ్ చాలా పాతది, అందుకే హమ్ భయం. ఏది పెట్టించమంటారు?

ఇక తీగలు. ఇప్పుడున్న పాత బేస్‌కి 45-105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి తీగ చుట్టినవి) వేస్తే ఈ ఉప్పు గాలికి నెల తిరగకుండానే తుప్పు పట్టేస్తున్నాయి, వాయించాక తుడిచిపెట్టినా అంతే. కోటెడ్ (పల్చటి పూత ఉన్న) తీగలకి మారాలా, మెత్తని సౌండైనా ఫర్వాలేదనుకుని ఫ్లాట్‌వౌండ్ (పైన చదును తీగ చుట్టినవి) వేసుకోవాలా? సముద్రం పక్కన ఉండేవాళ్లు మీ అనుభవం చెప్పండి, ప్లీజ్. వచ్చే వారమే చెక్క కోయిస్తున్నాం.