క్వీన్ చివరి రోజుల పాటలు: 'మేడ్ ఇన్ హెవెన్'ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?

రేడియోమూర్తి:
ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ క్వీన్ అనగానే అందరూ 'బొహీమియన్ రాప్సోడీ' దగ్గరే ఆగిపోతారు. 1989 నుంచి చివరిదాకా వచ్చినవాటిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పాటలతో ఒక జాబితా రాసుకుందామని కూర్చున్నాను. మొదట్లోనే చిక్కొచ్చింది. బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయింది 1991 నవంబరు 24న. 'మేడ్ ఇన్ హెవెన్' వచ్చింది 1995 నవంబరులో. మనిషి పోయిన నాలుగేళ్లకి మిగతా ముగ్గురూ కూర్చుని పూర్తి చేసిన ఆల్బమ్‌ని బ్యాండ్ చివరి దశ కింద వేసుకోవచ్చా?

నేనైతే వేసుకోను. సెంటిమెంట్ గొడవ కాదు, తేదీలు చూడండి. టైటిల్ పాట, 'ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ' రెండూ ఫ్రెడ్డీ 1985లో సొంతంగా చేసిన 'మిస్టర్ బ్యాడ్ గై'లోవి. 'హెవెన్ ఫర్ ఎవ్రీవన్'ని క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ తన ఇంకో బ్యాండ్ 'ది క్రాస్'తో 1988లోనే విడుదల చేశాడు. 'మై లైఫ్ హాజ్ బీన్ సేవ్డ్' 1989లో 'స్కాండల్' సింగిల్‌కి వెనకవైపు పాట. 'టూ మచ్ లవ్ విల్ కిల్ యూ'ని 1989 ఆల్బమ్ 'ది మిరకిల్' కోసం పాడించి పక్కన పెట్టారు. 'ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే'కి మూలం 1980లో ఫ్రెడ్డీ పియానో ముందు సరదాగా పాడిన ముక్క. నిజంగా 1991లో పుట్టినవి రెండో మూడో. మిగతాదంతా అతుకుల బొంత. బొంత వెచ్చగానే ఉంటుంది, కాదనను. కొత్త చీర అంటేనే ఒప్పుకోను.

నా జాబితాలో ఇప్పటికి మూడు: 'బిజూ', 'డోంట్ ట్రై సో హార్డ్', 'వాజ్ ఇట్ ఆల్ వర్త్ ఇట్'. మీవి చెప్పండి.

మంచుకొండ:
మూర్తి గారూ, తేదీలే కొలత అంటున్నారు కాబట్టి ఆ కొలతతోనే అడుగుతాను. మీ మూడింటిలో ఒకటి 'ది మిరకిల్'లోది, రెండు 'ఇన్యుయెండో'లోవి. 'ఇన్యుయెండో' ఆల్బమ్ 1991 ఫిబ్రవరిలో వచ్చింది. 'మేడ్ ఇన్ హెవెన్'లోని 'మదర్ లవ్'కి ఫ్రెడ్డీ గొంతిచ్చింది అదే ఏడు మే నెలలో. అంటే మీ మూడు పాటలకన్నా అదే ఆలస్యంగా పాడింది. చివరి దశ అని పేరు పెట్టి, ఆఖరున పాడిన పాటని గుమ్మం బయట నిలబెడతారా?

ఆ పాట ఎలా తయారైందో గిటారిస్టు బ్రయాన్ మే చాలాసార్లు చెప్పాడు. స్విట్జర్లాండ్‌లో మాంట్రూ ఊళ్లో, సరస్సు ఒడ్డున వాళ్ల స్టూడియో. అప్పటికి ఫ్రెడ్డీ సరిగ్గా నిలబడలేని స్థితి. ఏదో ఒకటి రాసివ్వండి, నేను పాడేస్తాను, తర్వాత మీరు పూర్తి చేసుకోండి అన్నాడట. డ్రమ్ మెషీన్ పెట్టుకుని పాడాడు. ఆఖరి చరణం దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయి, కాస్త విశ్రాంతి తీసుకుని వచ్చి పాడతానన్నాడు. రాలేదు. ఆ చరణం బ్రయాన్ పాడాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గొంతు మారే చోటు స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రెడ్డీని అనుకరించే ప్రయత్నమే చేయలేదు బ్రయాన్. తన సన్నటి గొంతుతో తన మానాన పాడాడు. నాకు నచ్చేది అదే. అతుకు ఎక్కడుందో దాచలేదు కదా, మరి మోసం ఎక్కడిది?

ఎల్పీ బాబాయ్:
'మదర్ లవ్' గొడవ తర్వాత. మూర్తీ, ముందు 'బిజూ' సంగతి తేల్చు. అది పాటేనా? 1991లో మా బావమరిది లండన్ నుంచి 'ఇన్యుయెండో' ఎల్పీ తెచ్చాడు, ఇప్పటికీ నా దగ్గరుంది. రెండో వైపు 'ది హిట్‌మన్' అయ్యాక, ఆఖరి పాటకి ముందు ఏదో గిటార్ మూలిగినట్టు వస్తుంది, నాలుగు మాటలు వినిపిస్తాయి, అయిపోతుంది. ఒక్క నిమిషం పైచిలుకు. అది జాబితాకెక్కే పాటైతే మా ఇంటి కాలింగ్ బెల్ కూడా పాటే.

పిల్లిమీసం:
అందరూ ఇంత బరువుగా మాట్లాడుతున్నారు కాబట్టి నేను 'ఇన్యుయెండో'లోని 'డిలైలా' వేస్తున్నాను. ఫ్రెడ్డీ తన పెంపుడు పిల్లి మీద రాసుకున్న పాట. ఖరీదైన సోఫా సెట్టు మీద ఒకటికి పోసినా ఏమీ అనలేకపోతున్నాను అని పాడతాడు. వెనక మ్యావ్ మ్యావ్‌లు బ్రయాన్ గిటార్‌తోనే, టాక్ బాక్స్ (గిటార్ శబ్దాన్ని నోటితో మలిచే పరికరం) పెట్టి తీశాడు. చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి పిల్లి మీద పాట రాయడం నాకు 'ది షో మస్ట్ గో ఆన్' కన్నా పెద్ద విషయం అనిపిస్తుంది. తిట్టుకోండి.

మంచుకొండ:
తిట్టడం ఎందుకండీ, మా ఇంట్లోనూ పిల్లి ఉంది. ఆ సోఫా బాధ నాకు తెలుసు.

రేడియోమూర్తి:
బాబాయ్, మీరు విన్నది 'బిజూ' కాదు, దాని ముక్క. ఆల్బమ్ మొత్తం 53 నిమిషాల పైన ఉంటుంది. ఒక్క ఎల్పీలో అంత పట్టదని అప్పట్లో చాలా పాటలు కత్తిరించారు. ఎక్కువ నష్టపోయింది 'బిజూ'నే. సీడీలో అది మూడున్నర నిమిషాల పాట. మామూలుగా పాటల్లో చరణాలు గాయకుడివి, మధ్యలో సోలో గిటార్‌ది కదా. ఇందులో తిరగేశారు. చరణాలు గిటారే పాడుతుంది. సోలో రావాల్సిన చోట ఫ్రెడ్డీ వచ్చి, నాలుగు పంక్తులు పాడి వెళ్లిపోతాడు. ఆ తర్వాత గిటార్ మళ్లీ అందుకుంటుంది, అప్పుడది మొదట్లో విన్న గిటార్‌లా ఉండదు. ఎదుటి మనిషి వెళ్లిపోయాక ఒక్కడే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఆ వెనకభాగం లేకుండా వింటే మీకు కాలింగ్ బెల్ లాగే ఉంటుంది మరి, మీ తప్పేం లేదు. 2015లో డబుల్ ఎల్పీగా మళ్లీ వేసినప్పుడు మొత్తం నిడివి ఇచ్చారు.

ఈ పాటలు జనానికి తెలియకపోవడానికి అసలు కారణం ఇంకోటుంది. ఫ్రెడ్డీతో క్వీన్ ఆఖరి కచేరీ 1986 ఆగస్టు 9న, నెబ్‌వర్త్‌లో. 'ది మిరకిల్'కీ, 'ఇన్యుయెండో'కీ టూర్ లేదు. వేదిక ఎక్కని పాట, అందులోనూ సింగిల్‌గా రానిది, ఇల్లు దాటి ఎలా వెళ్తుంది? 'బిజూ'ని బ్రయాన్ 2008 టూర్‌లో వాయించాడు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ కచేరీ రికార్డింగ్‌లో ఉంటుంది, వెతకండి.

తబలాతాత:
ఒక సందేహం. బాలు గారి గొంతుని అనుమతి లేకుండా ఏఐతో వాడారని ఆయన అబ్బాయి చరణ్ గారు నోటీసు పంపిన సంగతి 2024లో వార్తల్లో చూశాం. అప్పుడు మనందరం చరణ్ గారి పక్షమే. మరి పోయిన మనిషి గొంతు తీసుకుని చుట్టూ కొత్త వాయిద్యాలు పేర్చిన 'మేడ్ ఇన్ హెవెన్'కి మాత్రం పూలదండ ఎందుకు? 'ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ' 1985లో డిస్కో పాట. దాని మీద తర్వాత రాక్ గిటార్ ఎక్కించారు. ఫ్రెడ్డీ అడిగాడా?

మంచుకొండ:
రెండూ ఒకటి కాదు తాతగారూ. ఏఐ వాడితే ఆయన ఎన్నడూ పాడని పాట ఆయన నోట పెట్టినట్టు. ఇక్కడ ఫ్రెడ్డీ గొంతులో వినిపించే ప్రతి మాటా ఫ్రెడ్డీ పాడిందే. పైగా 'మదర్ లవ్', 'ఎ వింటర్స్ టేల్' తను పోయాక పూర్తి చేస్తారని తెలిసే పాడాడు. అయితే 'బార్న్ టు లవ్ యూ' విషయంలో మీ మాట కొట్టిపారేయలేను. దాన్ని నేను కూడా దాటేసే వింటాను.

మూర్తి గారికి ఇంకొకటి. 2022లో విడుదలైన 'ఫేస్ ఇట్ అలోన్' 1988లో 'ది మిరకిల్' కోసం పాడింది. మీ తేదీల లెక్కలో అది దర్జాగా లోపలికి వస్తుంది. దాన్నీ ముప్పై ఏళ్ల తర్వాత వేరేవాళ్లే శుభ్రం చేసి, అతికి, బయటికి తెచ్చారు. అది చెల్లితే 'మదర్ లవ్' ఎందుకు చెల్లదు?

రేడియోమూర్తి:
ఇరుక్కున్నాను. సరే, ఆల్బమ్‌ని వదిలేసి పాట పాటకీ లెక్క చూద్దాం. 'ఎ వింటర్స్ టేల్' లోపలికి. మాంట్రూ సరస్సునీ, మంచు కొండల్నీ చూస్తూ ఫ్రెడ్డీ తనే రాసుకున్నాడు, ఆఖరుగా రాసిన పాట. వాదనే లేదు. 'మదర్ లవ్' కూడా లోపలికి, కానీ సగం మార్కులు. బ్రయాన్ చరణంతో నాకు పేచీ లేదు. ఆ తర్వాత చేసిందే నచ్చదు. 1986 వెంబ్లీ కచేరీలో జనంతో ఆలాపన చేయించిన శబ్దం, 1972లో లారీ లూరెక్స్ అన్న మారుపేరుతో ఫ్రెడ్డీ పాడిన 'గోయిన్ బ్యాక్' ముక్క, చివర పసిబిడ్డ ఏడుపు, అన్నీ తెచ్చి అతికించారు. అలిసిపోయి విశ్రాంతికని వెళ్లిన మనిషి పాటకి ఇంత ఊరేగింపు దేనికి? ఏడవమని మోచేత్తో పొడిచి చెప్పినట్టుంటుంది.

పిల్లిమీసం:
ఆ పసిబిడ్డ ఏడుపు దగ్గర నేను ప్రతిసారీ ఏడుస్తాను. పొడిస్తే పొడిచారు.

తబలాతాత:
ఫ్రెడ్డీ మన పంచగని బడిలో చదివాడు కాబట్టి మనవాడే అని ఇంకా ఎవరూ అనలేదు. ఆశ్చర్యంగా ఉంది.

ఎల్పీ బాబాయ్:
నిన్న రాత్రి మా అమ్మాయి ఫోన్లో 'బిజూ' మొత్తం పెట్టించుకుని విన్నాను. రెండుసార్లు. ఫ్రెడ్డీ పాడటం ఆపాక గిటార్ మళ్లీ ఎత్తుకునే చోటు... ముప్పై ఏళ్లకి పైగా నా ఎల్పీ నాకు సగం పాటే వినిపించిందన్నమాట. కాలింగ్ బెల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 'మదర్ లవ్' మీద మాత్రం మూర్తి పక్షమే. ఆ 2015 డబుల్ ఎల్పీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొనాలి. కత్తిరించింది కూడా అమ్మను.